ముందు వినేవాళ్లకు నేర్పండి

మీరు రైలు డ్రైవర్ల శిక్షణ కేంద్రంలో కొత్తగా ఇన్‌స్ట్రక్టర్‌గా చేరారు. మూడు నెలల్లో రెండు రైళ్లు ఎర్ర సిగ్నల్ దాటాయి. రెండు విచారణల్లోనూ ‘మానవ తప్పిదం, తిరిగి శిక్షణ ఇవ్వాలి’ అని రాసి ఫైలు మూసేశారు. ఇప్పుడు మానవ కారకాల మీద, అంటే పనిలో మనిషి ఎలా చూస్తాడు, ఎలా ఆలోచిస్తాడు, ఎక్కడ పొరబడతాడు అన్న దాని మీద, రెండు రోజుల కోర్సు తయారు చేసే పని మీకు అప్పజెప్పారు. అందులో ఏం నేర్పాలి, అంత తక్కువ సమయంలో ఏమైనా మారుతుందా అని మీరు నన్ను అడిగారు.

నేను పదకొండేళ్లు రైలు ఇంజిన్‌లో పనిచేశాను. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు నడిపేవాళ్లకు నేర్పాను. రెండు రోజుల్లో కూడా మారుతుందని నా అనుభవం. అయితే మీరు ముందు వరసలో కూర్చోబెట్టాల్సింది సిగ్నల్ దాటిన ఆ ఇద్దరినీ కాదు. పక్కన కూర్చున్న అసిస్టెంట్ నోరు తెరిస్తే ఆ మాట ఎవరి చెవిన పడాలో వాళ్లను కూర్చోబెట్టండి. అంటే సీనియర్ డ్రైవర్లు, డిపో సూపర్‌వైజర్లు, వీలైతే విచారణ చేసే అధికారులు.

కోర్సు రాయడానికి ముందు ఒక పని చేయండి. ఆ రెండు సిగ్నళ్ల దగ్గరికి ఇంజిన్‌లో వెళ్లి చూడండి, సరిగ్గా ఘటన జరిగిన వేళకే వెళ్లండి. అక్కడ డ్రైవర్‌కు రోజూ ఏం కనిపిస్తుంది? ఏళ్ల తరబడి అదే చోట ఆకుపచ్చే చూసిన కన్ను, ఎర్రగా ఉన్న రోజు కూడా ఆకుపచ్చనే వెతుక్కుంటుంది. హెచ్చరిక హారన్ మోగగానే చేయి దానంతట అదే ‘విన్నాను’ అని తెలిపే బటన్ నొక్కేస్తుంది, మనసుకు ఆ విషయం అందకముందే. 1999 అక్టోబరు 5న లండన్‌లో పాడింగ్టన్ స్టేషన్‌కు దగ్గర, లాడ్‌బ్రోక్ గ్రోవ్‌లో రెండు రైళ్లు ఎదురెదురుగా గుద్దుకుని 31 మంది చనిపోయారు. ఎర్ర సిగ్నల్ దాటిన డ్రైవర్ ఉద్యోగంలో అర్హత పొంది రెండు వారాలే అయింది. అయితే ఎస్‌ఎన్ 109 అనే ఆ సిగ్నల్‌ను అంతకు ముందు ఆరేళ్లలో ఎనిమిది సార్లు ఎర్రగా ఉండగానే దాటారు. ఆ ఎనిమిది సార్లూ డ్రైవర్ మీదే రాసుకుంటూ పోతే సిగ్నల్ ఎక్కడున్నదీ, ఎలా కనబడుతున్నదీ ఎవరూ పట్టించుకోరు. మీ దగ్గర ఆ రెండు ఘటనలూ ఒకే సిగ్నల్ దగ్గర జరిగి ఉంటే కోర్సు కన్నా ముందు ఆ సిగ్నల్ గురించి రాయండి.

ఇక అసలు విషయం. నేను అసిస్టెంట్‌గా ఉన్న మూడో ఏడు, ఒక రాత్రి డ్యూటీలో పసుపు సిగ్నల్ దాటాక మా డ్రైవర్ వేగం తగ్గించలేదు. పసుపు అంటే తర్వాతి సిగ్నల్ ఎర్రగా ఉండొచ్చు, ఆగడానికి సిద్ధంగా ఉండు అని. ఆయనది నాకన్నా ఇరవై ఏళ్లు ఎక్కువ సర్వీసు. చూసే ఉంటారులే అనుకున్నాను. అదే వారంలో ఒకసారి వేగం గురించి నేను ఏదో అంటే ‘నాకు నేర్పుతావా’ అని కసిరారు. ఆ మాట గుర్తొచ్చి నోరు పెగల్లేదు. ఎర్ర సిగ్నల్ కనబడగానే ఆయన ఎమర్జెన్సీ బ్రేకు వేశారు. ఇంజిన్ సిగ్నల్ దాటి రెండు పెట్టెల దూరం పోయి ఆగింది. ముందు లైను ఖాళీగా ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. విచారణలో ఆయన పట్టాలు తడిగా ఉన్నాయని, బ్రేకు సరిగ్గా పట్టలేదని చెప్పారు. నేను పసుపు సిగ్నల్ గట్టిగా పిలిచానని, అంటే దాని రంగు పైకి చెప్పానని, చెప్పాను. రెండూ అబద్ధాలే. ఉద్యోగం పోతుందనే భయంతో చెప్పిన అబద్ధాలు. ఫలితంగా డిపోలో అందరికీ తడి పట్టాల మీద బ్రేకు వేయడం గురించి శిక్షణ ఇచ్చారు. ఆ క్యాబ్‌లో, అంటే ఇంజిన్‌లో మేం కూర్చునే గదిలో, నిజంగా జరిగింది ఒక మనిషి చెప్పకపోవడం, ఇంకో మనిషి చెప్పనివ్వకపోవడం. దాని గురించి ఎవరికీ ఒక్క ముక్క నేర్పలేదు, ఎందుకంటే మేమిద్దరం తప్ప అది ఎవరికీ తెలియదు.

ఇది చిన్నవాళ్ల పిరికితనం అనుకుంటే ‘ధైర్యంగా మాట్లాడండి’ అని ఒక స్లైడు పెట్టి ఊరుకుంటాం. టెనెరిఫే ప్రమాదాన్ని క్లాసులో చెప్పేటప్పుడు చాలామంది అక్కడే ఆగిపోతారు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన ఆ దీవిలో కేఎల్‌ఎం, పాన్‌యామ్ సంస్థల రెండు 747 విమానాలు పొగమంచులో రన్‌వే మీద గుద్దుకుని 583 మంది చనిపోయారు. కేఎల్‌ఎం కెప్టెన్ ఆ సంస్థలో 747 శిక్షణకు పెద్ద దిక్కు. జనం మరిచిపోయే వివరం ఒకటుంది. ఆయన మొదటిసారి ఇంజిన్ల వేగం పెంచబోతే కోపైలట్ అడ్డుచెప్పాడు, మనకు ఇంకా అనుమతి రాలేదు అని. కెప్టెన్ ఆగారు. నాకు తెలుసు, అడుగు అన్నారు. ఆ వెంటనే రెండోసారి కదిలినప్పుడు కోపైలట్ మళ్లీ ఆపలేదు. విమానం పరుగు మొదలయ్యాక ఫ్లైట్ ఇంజినీర్ కూడా అడిగాడు, ఆ పాన్‌యామ్ విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదేమో అని. కెప్టెన్ గట్టిగా, ఖాళీ చేసింది అన్నట్టు జవాబిచ్చారు. ఆ ఒక్క జవాబుతో చర్చ ముగిసింది. అంటే కింది వాళ్లిద్దరూ నోరు తెరిచారు. పదినిమిషాల్లోపు ఒక పెద్దమనిషిని రెండుసార్లు ఆపగలిగేంత చనువు ఆ కాక్‌పిట్‌లో లేదు, అంతే. సీనియర్ ఇచ్చే మొదటి జవాబే రెండో హెచ్చరిక వస్తుందో రాదో తేలుస్తుంది. నేను కోర్సు మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూ కట్టేవాడిని.

ఇంకో సంగతి శిక్షణ ఇచ్చేవాళ్లం మనం గమనించాలి. ఆ కెప్టెన్ ఏళ్ల తరబడి సిమ్యులేటర్‌లో నేర్పిన మనిషి. సిమ్యులేటర్‌లో ఇన్‌స్ట్రక్టరే కంట్రోలర్ పాత్ర కూడా చేస్తాడు, అనుమతి కోసం నిజంగా ఎదురుచూడాల్సిన పరిస్థితి అరుదు. మనం ఎక్కడ సమయం ఆదా చేసుకోవడానికి అడ్డదారి తొక్కుతామో ఆ అడ్డదారి కూడా అలవాటుగా మారుతుంది. రైలు సిమ్యులేటర్‌లో కూడా సిగ్నల్ దగ్గర ఆపి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టే అభ్యాసం దాదాపు ఎవరూ పెట్టరు. పెట్టండి. ఆ అయిదు నిమిషాల్లో మనిషి ఎంత అసహనంగా కదులుతాడో చూస్తే మీకే చాలా తెలుస్తుంది.

వినడం నేర్పితే వస్తుందా అంటే వస్తుంది. 1978 డిసెంబరు 28న అమెరికాలో యునైటెడ్ విమాన సంస్థకు చెందిన డీసీ-8 విమానం, పోర్ట్‌లాండ్ దగ్గర చక్రాల సమస్య చూసుకుంటూ దాదాపు గంటసేపు చక్కర్లు కొట్టి ఇంధనం అయిపోయి కూలింది. 10 మంది చనిపోయారు. ఇంధనం తగ్గుతోందని సిబ్బంది అంటూనే ఉన్నారు. కెప్టెన్ మనసంతా చక్రాల మీదే ఉంది. ఆ తర్వాత 1979లో నాసా ఈ విషయం మీదే నిపుణుల సమావేశం పెట్టింది. 1981లో అదే యునైటెడ్ సంస్థ తన పైలట్లందరికీ ఉమ్మడిగా నిర్ణయాలు తీసుకునే శిక్షణ మొదలుపెట్టింది. ఇప్పుడు దాన్నే క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అంటున్నాం. 1989 జులై 19న అదే సంస్థ డీసీ-10 విమానానికి గాలిలో మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ, అంటే విమానాన్ని తిప్పే భాగాలను కదిలించే వ్యవస్థలు, పోయాయి. ప్రయాణికుడిగా ఉన్న ఒక ఇన్‌స్ట్రక్టర్ పైలట్ సాయం చేస్తానంటే కెప్టెన్ ఆల్ హేన్స్ లోపలికి రానిచ్చి థ్రాటిళ్లు, అంటే ఇంజిన్ల శక్తిని పెంచి తగ్గించే మీటలు, ఆయన చేతికిచ్చారు. సూ సిటీలో విమానం విరిగిపోయినా 296 మందిలో 184 మంది బతికారు. ఆ రోజు కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లందరి అనుభవాన్నీ వాడుకోగలగడమే కారణమని, అది ఆ శిక్షణ చలవేనని హేన్స్ తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు.

ఇక మీ సిమ్యులేటర్‌లో చేయగలిగినవి చెబుతాను. మొదటి అభ్యాసంలో డ్రైవర్‌ను పక్కకు పిలిచి, ఫలానా చోట పసుపు సిగ్నల్‌ను ఆకుపచ్చ అని పిలవమని రహస్యంగా చెప్పండి. అసిస్టెంట్ ఏం చేస్తాడో చూడండి. సిగ్నల్ పిలిచి తిరిగి చెప్పడం చాలా మంచి పద్ధతి. జపాన్‌లో రైల్వే పరిశోధన సంస్థ చేసిన ప్రయోగంలో, వేలితో చూపి నోటితో పిలిచినప్పుడు వంద చర్యలకు 2.38గా ఉన్న తప్పులు 0.38కి తగ్గాయి. అయితే అది కన్ను, వేలు, నోరు మూడూ కలిసి పనిచేసినప్పటి మాట. రోజూ వందలసార్లు పిలిచే చోట అది మంత్రంలా మారిపోతుంది. డ్రైవర్ ‘ఆకుపచ్చ’ అనగానే తల ఎత్తకుండానే ‘ఆకుపచ్చ’ అనేవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను. మంచివాళ్లు, పని తెలిసినవాళ్లు. రికార్డింగు చూపించినప్పుడు వాళ్ల ముఖం చూడాలి, నిజంగా బాధపడతారు. అందుకే ఆ రికార్డింగు తరగతి అందరి ముందూ వేయకండి. ఆ ఇద్దరికే చూపించి చెరిపేయండి.

రెండో అభ్యాసం ఇంకా ముఖ్యం. ఈసారి అసిస్టెంట్‌కు రహస్యంగా చెప్పండి, తప్పుడు హెచ్చరిక చేయమని. లైను మీద ఏమీ లేకపోయినా ‘సార్, ఆపండి’ అనాలి. డ్రైవర్ ఆపాడా లేదా అన్నది సగమే. ఆగాక, ఏమీ లేదని తేలాక డ్రైవర్ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం రాసుకోండి. ‘మంచిదే, అనుమానం వస్తే ఇలాగే చెప్పు’ అన్నాడా, ‘కళ్లు కనబడటం లేదా’ అన్నాడా, లేక ఏమీ అనకుండా నిట్టూర్చాడా? ఆ నిట్టూర్పు చాలు, వచ్చే ఏడాది మొత్తం ఆ అసిస్టెంట్ నోరు మూసుకోవడానికి. సీనియర్లతో ఈ అభ్యాసం చేసి, వాళ్ల గొంతు వాళ్లకే వినిపిస్తే చాలామంది అక్కడికక్కడే మారతారు. నాకు కసిరిన డ్రైవర్ కూడా చెడ్డమనిషి కాదు. తన మాట ఎక్కడికి పోయి తగులుతుందో ఆయనకు ఎవరూ చూపించలేదు.

మాటలు కూడా ముందే ఖాయం చేసుకోవాలి. టెన్షన్‌లో మనిషికి కొత్త వాక్యాలు తట్టవు. నేను నేర్పేది మూడు మెట్లు. మొదట కళ్ల ముందున్న నిజం చెప్పాలి: ‘సార్, వేగం 70, ఇక్కడ 40.’ జవాబు లేకపోతే చేయాల్సిన పని చెప్పాలి: ‘సార్, బ్రేకు వేయండి.’ అప్పటికీ కదలకపోతే తన దగ్గరున్న ఎమర్జెన్సీ బ్రేకు తనే వేయాలి. మధ్యలో ‘కొంచెం చూస్తారా’, ‘పర్లేదంటారా’ లాంటి మర్యాద మాటలు వద్దు. 1990 జనవరి 25న అవియాంకా 52 విమానం న్యూయార్క్ దగ్గర ఇంధనం అయిపోయి కూలి 73 మంది చనిపోయారు. సిబ్బంది కంట్రోలర్‌ను ప్రాధాన్యం అడిగారు, ఇంధనం అయిపోతోందని కూడా అన్నారు. ‘ఎమర్జెన్సీ’ అనే ఒక్క మాట మాత్రం అనలేదు. డ్రైవర్ వైపు నియమం ఇంకా చిన్నది: ఆపమంటే ముందు ఆపాలి, ఎందుకని తర్వాత అడగాలి.

మౌనాన్ని ‘అంతా బాగుంది’ అని అర్థం చేసుకునే పద్ధతి మీ దగ్గర ఎక్కడైనా ఉందేమో వెతకండి. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రగ్ రేవు దాటుతూనే హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ ముందు తలుపులు తెరిచి ఉండగానే బయల్దేరి బోల్తాపడింది, 193 మంది చనిపోయారు. తలుపులు మూయాల్సిన మనిషి నిద్రపోతున్నాడు. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఓడ సిద్ధంగా ఉన్నట్టే అనుకోవడం అక్కడి పద్ధతి. తలుపుల స్థితి తెలిపే దీపాలు పెట్టమని కెప్టెన్లు అంతకు ముందే అడిగినా కంపెనీ పెట్టలేదు. మీ దగ్గర గార్డు నుంచి డ్రైవర్‌కు, పెట్టెలు మార్చి కలిపే షంటింగ్ వాళ్ల నుంచి సిగ్నల్ క్యాబిన్‌కు వెళ్లే ప్రతి సమాచారాన్నీ ఈ కోణంలో ఒకసారి చదవండి.

ఇప్పుడు ‘తిరిగి శిక్షణ’ అనే మాట దగ్గరికి వస్తాను. నాకు చాలా బాధ కలిగించే మాట ఇది. 2005 ఏప్రిల్ 25న జపాన్‌లోని అమగసాకిలో గంటకు 70 కిలోమీటర్ల పరిమితి ఉన్న వంపులోకి రైలు సుమారు 116 వేగంతో వెళ్లి పట్టాలు తప్పింది. డ్రైవర్‌తో కలిపి 107 మంది చనిపోయారు. అతనికి 23 ఏళ్లు. అంతకు కొద్ది నిమిషాల ముందు ఒక స్టేషన్‌లో ఆగాల్సిన చోటు దాటి సుమారు 70 మీటర్లు ముందుకు పోయాడు. రైలు నిమిషంన్నర దాకా ఆలస్యమైంది. ఆ దూరాన్ని తగ్గించి చెప్పమని గార్డును అడిగాడు. గార్డు రేడియోలో ఏం చెబుతున్నాడో అని చెవి అటు వేసి వింటూ బ్రేకు వేయాల్సిన చోటు దాటేశాడని విచారణ సంఘం తేల్చింది. అతను భయపడింది తిరిగి శిక్షణకే. అక్కడ దాన్ని నిక్కిన్ క్యోఇకు అనేవారు. తప్పు చేసిన డ్రైవర్‌ను రోజుల తరబడి కూర్చోబెట్టి సంజాయిషీలు రాయించడం, అందరి ముందూ తిట్టడం, గడ్డి పీకించడం లాంటివి అందులో ఉండేవి. శిక్షణ అనే మాటే ప్రాణాలు తీసే భయంగా మారిన చోటు అది. మీ రెండు ఘటనల డ్రైవర్లను ఈ కోర్సుకు ‘పంపిస్తున్నారు’ అంటే డిపోలో మిగతావాళ్లు ఏమని అర్థం చేసుకుంటారో ఆలోచించండి. కోర్సు అందరికీ ఉండాలి, సీనియర్లతో మొదలవ్వాలి. ఆ ఇద్దరూ వాళ్ల వంతు వచ్చినప్పుడు వస్తారు.

అలసట గురించి గంటకు మించి చెప్పొద్దు. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుతో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. ఇది డ్రైవర్లకన్నా రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, వేసేవాళ్లకు చెప్పాల్సిన విషయం. 1988 డిసెంబరు 12న లండన్‌లోని క్లాపమ్ జంక్షన్‌లో రైళ్లు గుద్దుకుని 35 మంది చనిపోవడానికి కారణమైన సిగ్నల్ వైరింగ్ పని చేసిన టెక్నీషియన్‌కు, ఆ ముందు 13 వారాల్లో దొరికింది ఒకే ఒక్క రోజు సెలవు. అతని పని అలవాట్లు మొదటి నుంచీ సరిగ్గా లేవని, ఏ సూపర్‌వైజరూ సరిదిద్దలేదని కూడా విచారణలో తేలింది. నిద్ర చాలని మనిషికి అప్రమత్తత మీద పాఠం చెప్పడం అన్యాయం. మీ రెండు ఘటనల్లోనూ ఆ డ్రైవర్లు అంతకు ముందు 72 గంటల్లో ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో అడిగి మీరే కాగితం మీద గీయండి. విచారణ నివేదికల్లో అది లేకపోతే, లేదని పై అధికారికి చెప్పండి.

చివరగా, తప్పులు తామే చెప్పుకునే వ్యవస్థ. అమెరికాలో 1976 నుంచి పైలట్లు తమ పొరపాట్ల గురించి నాసాకు రాస్తున్నారు. లైసెన్సు తీసేసే అధికారం ఉన్న సంస్థకు కాకుండా, ఆ అధికారం లేని సంస్థకు రాయడమే అందులో కీలకం. మీ కేంద్రానికీ డ్రైవర్ల మీద చర్య తీసుకునే అధికారం ఉండకూడదు. ఉంటే వదులుకోండి. తాగి బండి ఎక్కినవాడిని, తెలిసీ నియమం తప్పినవాడిని ఎవరూ కాపాడమనడం లేదు. ఆ గీత ఎక్కడుందో యాజమాన్యం రాతపూర్వకంగా చెప్పాలి, కోర్సు మొదలయ్యే ముందే చెప్పాలి. చెప్పకపోతే తప్పులు చెప్పుకోమనే ఆ పాఠం తీసేయండి. నమ్మించి మోసం చేసినట్టవుతుంది. ఇంకో మాట కూడా ముందే రాసివ్వండి: కోర్సు పనిచేస్తే ఆరు నెలల్లో నమోదయ్యే పొరపాట్లు పెరుగుతాయి, అది ఇన్నాళ్లూ దాచినవి బయటకు రావడమే. ఇది ముందు చెప్పకపోతే ఆ అంకె చూసి మీ కోర్సు ఆపేస్తారు.

మొదటి రోజు మొదటి గంటలో నేను ఆ పసుపు సిగ్నల్ సంగతి చెబుతాను, విచారణలో ఆడిన అబద్ధంతో సహా. మీకూ అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, చెప్పండి. మొదటి విరామంలోనే ఎవరో ఒకరు పక్కకు వచ్చి తమది చెబుతారు. పేరు రాసుకోకండి. సిగ్నల్ నంబరు రాసుకోండి.